చేపకు పది నిమిషాల కాల్షీట్

గడివేముల నుంచి ఒక చెల్లెమ్మ రాసిన ఉత్తరం ఈ వారం నా పేజీ మొత్తాన్నీ కాజేసింది. పేరు వెయ్యొద్దన్నారు కనుక వెయ్యడం లేదు. ఆవిడ బళ్లో టీచరు. భర్తగారు రోజూ నంద్యాల వెళ్లి ఉద్యోగం చేసుకొస్తారు. ఇద్దరూ ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరున్నర. ఫోన్లో వంటల వీడియోలు చూస్తుంటే ఓ దొరసాని సాల్మన్ చేప ముక్కని పెనం మీద పడేసి, పైన నిమ్మకాయ పిండి, పదిహేను నిమిషాల్లో భోజనానికి కూచుంటోందిట. మా ఇంట్లో చేపలంటే ఆదివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం రెండింటికి తేలే పని, అదీ మా అత్తమ్మ చేతుల మీదుగా, ఆ దొరసానికి పదిహేను నిమిషాల్లో ఎలా అవుతోందండీ అని మొదటి ప్రశ్న. ఆ సాల్మన్ మాకు దొరుకుతుందా అని రెండోది. దొరక్కపోతే మన చేపతో అవుతుందా అని మూడోది.

మూడింటికీ జవాబుంది. అందులో మొదటి ప్రశ్నకి జవాబు చెప్పడానికి సినిమా పత్రికను మించిన చోటు లేదు సుమండీ! ఎందుకంటారా? అది వంట రహస్యం కాదు, ఎడిటింగు రహస్యం.

తెర మీద వంట ఎప్పుడూ ఒక్క కట్‌లో అయిపోతుంది. అమ్మ వేషం కట్టినావిడ "కాళ్లు కడుక్కుని రా బాబూ, అన్నం వడ్డిస్తాను" అంటుంది. కట్! తర్వాతి షాటులో అరిటాకు నిండా పదార్థాలు, పైన పొగలు కూడా. ఆ రెండు షాట్ల మధ్య కూర తరిగిందెవరు, పొయ్యి దగ్గర చెమటోడ్చిందెవరు, ఆ సంగతంతా ఎడిటరుగారి కత్తెర కింద పడిపోయింది. ఇక 'మాయాబజార్' మాట చెప్పనే అక్కర్లేదు. 1957లో వచ్చిన ఆ చిత్రంలో ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుడు పెళ్లివిందంతా ఒక్కడే ఆరగిస్తుంటే, మార్కస్ బార్ట్‌లే కెమెరా మాయలో లడ్లు వాటంతటవే నోట్లోకి ఎగురుతాయి. దర్శకులు కె.వి. రెడ్డిగారు మన సీమవారే, తాడిపత్రి. అయితేనేం, ఆ పళ్లేలు చివరికి ఎవరు తోమారో ఆయనా చూపించలేదు!

వీడియోలో దొరసానిదీ అదే కట్. ఆవిడ చేతికొచ్చేసరికి చేపకి పొలుసు తీసేశారు, పేగులు తీసేశారు, ముళ్లు పట్టకారుతో లాగేశారు, కడిగారు, ముక్క చేశారు, ప్లాస్టిక్ కాగితం చుట్టారు. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో ఎవరెవరో గంటలకొద్దీ నిలబడి ఆ పని చేశారు. మీ అత్తమ్మగారు టైటిల్స్ దగ్గర్నుంచి శుభం కార్డు దాకా పదహారు రీళ్లూ ఒంటరిగా తీస్తున్నారు. దొరసాని క్లైమాక్సు ఒక్కటే తీస్తోంది. అంతే తేడా. చేప ఉడకడానికి మీ ఇంట్లోనూ పది నిమిషాలే, అక్కడా పది నిమిషాలే.

ఆ పది నిమిషాల మాట కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు చేపని మేకమాంసం లెక్కన చూస్తారు. మేక నేల మీద నాలుగు కాళ్లతో తన బరువు తాను మోస్తుంది. అంచేత కండ నిండా గట్టి నార ఉంటుంది. ఆ నార కరగాలంటే గంటసేపు ఉడకాలి. చేప నీళ్లలో తేలే ప్రాణి, దాని బరువు నీళ్లే మోస్తాయి. కండ పొరల మధ్య నార పల్చన, కాస్త వేడి తగిలితే చాలు కరిగిపోతుంది. అంగుళం మందం ముక్కకి మొత్తం మీద పది నిమిషాలు. ఆపైన పొయ్యి మీద ఉంచిన ప్రతి నిమిషమూ చేపకి నష్టమే, రసం కారిపోయి పీచులా తయారవుతుంది. ఓపిగ్గా వండితే పాడయ్యే మాంసం ఇది! మరి ఇంత తొందర మనిషిని మనం తీరిక ఉన్న ఆదివారానికి కట్టేసి, తీరిక లేని రోజుల్లో పప్పుచారుతో గడిపేస్తున్నాం.

ఇక సాల్మన్ దొరుకుతుందా? గడివేములలో దొరకదు. హైదరాబాదులోనో బెంగుళూరులోనో పెద్ద దుకాణాల్లో, నార్వే లాంటి దేశాల నుంచి మంచుగడ్డ మీద వచ్చింది దొరుకుతుంది, కొర్రమీను ధరకి కొన్ని రెట్లు పెడితే. అట్లాంటిక్ సాల్మన్ పేరుతో బజారుకి వచ్చేది దాదాపు అంతా పెంపకం చేపే. ఆ నారింజ రంగు కూడా మేతలో కలిపే పదార్థం పుణ్యమే, మేకప్ అన్నమాట! అడవి సాల్మన్ మాత్రం రొయ్యల్లాంటివి తిని సొంతంగా ఆ రంగు తెచ్చుకుంటుంది, గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఏరు ఎదురీది పైకొస్తుంది. మన గోదావరిలో వరదనీటికి పులస ఎదురెక్కినట్టే. కోస్తా బజార్లలో మాగ అనే చేప ఉంది, బొంబాయివాళ్లు రావస్ అంటారు, దానికి ఇండియన్ సాల్మన్ అని ఇంగ్లీషు పేరు. పేరు ఒకటే గాని చుట్టరికం ఏమీ లేదు. రుచిలో మాత్రం చక్కని చేప. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు సాల్మన్‌ని ఏం చేస్తున్నారో తెలుసా? అల్లం, తెల్లగడ్డ, కారం పట్టించి వేపుడు చేస్తున్నారు, పులుసు పెడుతున్నారు. వాళ్లు అక్కడి చేపకి మన వంట నేర్పితే, మనం ఇక్కడి చేపకి వాళ్ల పద్ధతి నేర్పకూడదా?

చేపలకి మీ వైపు కరువేమీ లేదు. కె.సి. కాలువ ఉంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు అందుకుని నంద్యాల మీదుగా కడప దాకా పోయే ఈ కాలువని పంతొమ్మిదో శతాబ్దంలో ఒక ఇంగ్లీషు కంపెనీ సాగుకే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వించింది. లాభం రాక 1882లో ప్రభుత్వానికి అప్పజెప్పింది. కాస్త ఎగువన వెలుగోడు జలాశయం. దీని వెనక మన పత్రికకి సంబంధించిన ముచ్చటొకటి ఉంది. 1983లో మద్రాసుకి తాగునీళ్లిచ్చే తెలుగుగంగ ఒప్పందం కుదిరినప్పుడు ఆంధ్రకి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు, తమిళనాడుకి ఎం.జి. రామచంద్రన్. ఇద్దరు కథానాయకులు సంతకాలు చేసిన నీళ్లన్నమాట! శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచర్ల దాటి వెలుగోడులో చేరి దక్షిణానికి పోతాయి. అలాంటి జలాశయాల్లో పెరిగే బొచ్చె, శీలావతి గాక, కొల్లేటి వైపు చెరువుల చేపలు కూడా ఐసుపెట్టెల్లో రాష్ట్రమంతా తిరుగుతాయి. కనుక నంద్యాల బజారులో చేప ఉందా అన్నది ప్రశ్న కాదు. ఏ చేప, ఏ ముక్క అన్నదే ప్రశ్న.

సాల్మన్ పదిహేను నిమిషాల చేప కావడానికి ఒక కారణం ముళ్లు. దాని ముళ్లు వరసగా ఉంటాయి, పట్టుకుని లాగితే వచ్చేస్తాయి. మన శీలావతి, బొచ్చె అలా కాదు. వెన్ను వైపూ తోక వైపూ కండలో రెండు కొమ్మలుగా చీలిన సన్నముళ్లు దాక్కుని ఉంటాయి. అలసిపోయి, టీవీ చూస్తూ తినేవాళ్లకి అది తగని చేప. అంచేత పనిరోజుల హీరో కొర్రమీను. కొన్ని ఊళ్లలో కొర్రమట్ట అంటారు. నడిముల్లు తీసేస్తే సన్నముళ్ల బాధ లేదు. గాలి పీల్చుకుని బతికే చేప కాబట్టి బజారులో తొట్టెలో ఈదుతూనే దొరుకుతుంది, తాజాదా కాదా అన్న అనుమానమే లేదు. ధర ఎక్కువ, నిజమే. అది కుదరనప్పుడు పెద్ద బొచ్చెలో పొట్టముక్కలు అడగండి. అక్కడ పక్కటెముకల్లాంటి పెద్ద ముళ్లే, చేతికి తెలుస్తాయి. హోటళ్లలో అపోలో ఫిష్ పేరుతో వచ్చే ముళ్లులేని ముక్కల్లో చాలావరకు పంగస్ చేప. చవక, మెత్తన. నాకు మాత్రం అందులో రుచి చాలదు. మసాలా డబ్బింగు చెబితేగాని దానికి గొంతు లేదు!

చచ్చిన చేప కొనేటప్పుడు కళ్లు ఉబ్బి మెరుస్తుండాలి, మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడి మళ్లీ లేవాలి. ఇంతకంటే ముఖ్యం, బజారు దగ్గరే పొలుసు తీయించి, నడిముల్లుకి అటూ ఇటూ రెండు బద్దలుగా కోయించడం. తలకాయ, ముల్లు విడిగా కట్టించండి, పులుసుకి ప్రాణం అవే. కోసినందుకు పైన ఇచ్చే ఆ కాస్త డబ్బూ మీ గంటసేపటి ధర అనుకోండి.

ఇప్పుడు వారం. మన ఇళ్లల్లో సోమవారం శివుడిది, గురువారం సాయిబాబాది, శనివారం వెంకన్నది. కొందరికి మంగళ, శుక్రవారాలు కూడా అమ్మవారివి. లెక్క తేలితే మిగిలేది బుధవారం! సరే, బుధవారమే పెట్టుకుందాం. శుక్రవారం విడుదలైన సినిమాల మీద అప్పటికి మాటలన్నీ తెలిసిపోయి ఉంటాయి, భోజనం దగ్గర వాదులాడుకోవచ్చు.

ఆదివారం అత్తమ్మగారు పొయ్యి ముందు ఉన్నప్పుడే ఒక పని చేయించుకోండి. చేయించుకోండి అన్నానా, కాదు, ఆవిడ పక్కన నిలబడి మీరిద్దరూ నేర్చుకోండి. చేప వెయ్యని పులుసు! శెనక్కాయ నూనెలో ఎర్రగడ్డలు దోరగా వేగాక తెల్లగడ్డ, కరివేపాకు, పసుపు, కారం వెయ్యాలి. వేయించి కొట్టిన ధనియాలు మెంతుల పొడి వెయ్యాలి. తర్వాత నిమ్మకాయంత చింతపండు పిసికిన రసం పోసి, నూనె పైకి తేలేదాకా కాగనివ్వాలి. చింతపండు పచ్చివాసన పోవడానికే పులుసులో సగం కాలం పోతుంది. ఆ సగం ఆదివారం అయిపోతే, చల్లార్చి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే, బుధవారానికి చక్కగా ఉంటుంది. ఆ సాయంత్రం గిన్నెలో పోసి, తెర్లగానే చేపముక్కలు జారవిడిచి, మంట తగ్గించి ఎనిమిది పది నిమిషాలు. గరిటె పెట్టకండి, గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని తిప్పండి. కొత్తిమీర చల్లి దింపేయడమే. పులుసు ఆదివారానిది, చేప బుధవారానిది. పాటలు ముందు రికార్డు చేసి షూటింగు తర్వాత పెట్టుకున్నట్టు.

పులుసు కూడా వద్దు, దొరసాని పద్ధతే కావాలంటారా? అలాగే. కొర్రమీను బద్దని ఉప్పు, పసుపు, కాస్త మజ్జిగతో రుద్ది ఒకసారి కడగండి. చెరువుచేపలకి ఉండే మట్టివాసన పులుపు తగిలితే విరుగుతుంది, పెద్దవాళ్లు చింతపండో మజ్జిగో ఊరికే వాడలేదు. తర్వాత పొడిగుడ్డతో తడి పూర్తిగా అద్దేయండి. ఈ అద్దడం దగ్గరే వేపుడు గెలుపోటములు తేలిపోతాయి. ముక్క తడిగా ఉంటే పెనం మీద వేగదు, ఉడుకుతుంది, అతుక్కుంటుంది. ఉప్పు, కారం, చిటికెడు మిరియాలపొడి పట్టించండి. నిమ్మరసం మాత్రం ఇప్పుడు వద్దు. పులుపులో ఎక్కువసేపు నానితే ముక్క పైపొర ముందే బిగుసుకుపోతుంది.

పెనం బాగా కాలాక రెండు చెంచాల శెనక్కాయ నూనె. సాల్మన్‌కి ఒంట్లోనే కొవ్వుంది, మన కొర్రమీను బక్కపలచని మనిషి, అంచేత నూనె ఒక చెంచా ఎక్కువే. చర్మం వైపు కిందికి పెట్టి, అట్లకాడతో అరనిమిషం అదిమిపట్టి, ఆ తర్వాత చెయ్యి తీసేయండి. మాటిమాటికీ కదిపితే చిదురుపలే. కింద ఎర్రగా పొర కట్టాక ముక్క తనంతట తానే పెనాన్ని వదులుతుంది. గాజులా ఉన్న కండ కింద నుంచి పైకి తెల్లబడుతూ వస్తుంది చూడండి, ముప్పావు వంతు తెల్లబడగానే తిప్పేయండి. అవతలి వైపు రెండు నిమిషాలు. ముప్పావంగుళం ముక్కకి మొత్తం ఏడెనిమిది నిమిషాలు. కత్తిమొనతో మధ్యలో కదిపితే పొరలు పొరలుగా విడిపోవాలి. దింపాక నిమ్మకాయ. పక్కన జొన్నరొట్టె, పచ్చి ఎర్రగడ్డ ముక్కలు, ఉంటే శెనక్కాయల పొడి. ఆ రొట్టె ముందు దొరసాని ఉడకబెట్టిన ఆకుకాడలు నాకైతే వెలవెలబోతాయి.

చేప బుధవారమే తెచ్చుకోనక్కర్లేదు, ఆదివారం కొన్నది డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. ఒక పూటకి ఒక పొట్లం చొప్పున పలచగా పరిచి కట్టాలి. బుధవారం పొద్దున బడికి పోయేముందు ఆ పొట్లాన్ని ఫ్రిజ్ కింది అరలో, గిన్నెలో పెట్టి వెళ్తే సాయంత్రానికి మంచు విడిపోతుంది. వంటింటి గట్టు మీద మాత్రం పెట్టకండి, మీ ఎండల్లో రెండు గంటల్లో చేప పని అయిపోతుంది. ఒకసారి మంచు విడిచిన పచ్చిముక్కని మళ్లీ గడ్డకట్టించవద్దు.

ఇంతవరకూ చెల్లెమ్మతో మాట్లాడాను, ఇప్పుడు కాస్త బావగారిని పిలవండి.

అయ్యా, చేపల బజారు నంద్యాలలో ఉంది. రోజూ నంద్యాల వెళ్లేది మీరు. ఒక స్టీలు డబ్బా, అందులో కాసిని ఐసుముక్కలు. ఇంతే సరంజామా. ఇల్లు చేరాక ముక్కలు కడిగి అద్దడం మీది, ఆవిడ రొట్టె తడుతుంటే పెనం దగ్గర నిలబడడం మీది. నీచుగిన్నెలు తోమడం మరీ మీది. ముందు చన్నీళ్లతో కడగండి, వేణ్ణీళ్లు పోస్తే ఆ జిగురు గిన్నెకి ఉడికి పట్టేస్తుంది. ఆ తర్వాత సబ్బు, నిమ్మతొక్క. చేతులకి ఉప్పూ నిమ్మరసమూ రుద్దుకుంటే వాసన మాయం.

మగవాడు వంటింట్లోనా అని ముఖం చిట్లించకండి. 1962లో 'గుండమ్మ కథ'లో అంజి వేషంలో ఎన్.టి. రామారావుగారు రుబ్బురోలు ముందు కూచుని పిండి రుబ్బారు. అప్పటికే కృష్ణుడిగా ఇంటింటా పటం కట్టించుకున్న మనిషి! ఇంటెడు చాకిరీ సావిత్రిగారి లక్ష్మి ఒక్కతే చేస్తుంటే, సూర్యకాంతంగారి గుండమ్మ కేకలు వేస్తుంటే, ఆయన రోలు దగ్గరికి వెళ్లి కూచున్నారు. హాల్లో మగవాళ్లు ఈల వేశారంటే అది ఆ పొత్రం తిప్పినందుకే. ఆ ఈలలు వేసినవాళ్లలో ఎంతమంది ఇంటికెళ్లి పొత్రం ముట్టారో, నాకు సందేహమే. సినిమా చూసి హీరో జుట్టు దువ్వుకోవడం నేర్చుకుంటాం, చొక్కా కాలరు నేర్చుకుంటాం. రోలు దగ్గర మాత్రం కట్ చెప్పేస్తాం.

బుధవారం లెక్క ఒకసారి చూడండి. ఆరున్నరకి ఇల్లు. ముఖం కడుక్కుని, ఒక గ్లాసు టీ. ఆరూ నలభై అయిదుకి ఒకరు జొన్నపిండి తడుపుతారు, ఒకరు ముక్కలు కడిగి అద్ది కారం పట్టిస్తారు. ఏడింటికి రెండు పొయ్యిల మీద రెండు పెనాలు. ఏడుంబావుకి చేప దిగుతుంది, రొట్టెలు నాలుగో అయిదో అవుతాయి. ఇంకో ముప్పావుగంట ఉంటుంది ఎనిమిదింటికి. తినడానికి పాతిక నిమిషాలు, అత్తమ్మగారికి వేడిగా మొదటి ముక్క వడ్డించడంతో సహా. ఆవిడ తిని, ఉప్పు ఒక పిసరు తక్కువైందంటారు. అంటే బాగుందని అర్థం. మిగిలిన ఇరవై నిమిషాలూ బావగారివి, పంపు దగ్గర. ఎనిమిదింటికి సినిమా పెట్టుకోండి, ఇద్దరూ టైటిల్స్ నుంచి చూడొచ్చు.